రాగిరేకు మీది చెయ్యి

గిలిస్ కోపల్ ఆ అచ్చుబొమ్మను బల్ల మీద పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు లోటాలు పెట్టాడు.

"ఇదిగో సాక్షి. నోరు లేదు కాబట్టి అబద్ధం కూడా ఆడదు" అన్నాడు.

శుక్రవారం ఉదయం తొమ్మిదైంది. హార్లెంలో నేరాల విచారణ చూసేవాళ్లం మేమిద్దరమే. హోదా ఒకటే, గది ఒకటే. పదకొండేళ్లుగా ఒకరి మాట ఒకరికి గిట్టదు. నా పేరు ఎవర్ట్ రూలోఫ్స్. నేను నిదానస్తుణ్ణని గిలిస్ ఊరంతా చెబుతాడు. వాడు తొందరపాటు మనిషని నేను వాడి మొహం మీదే చెబుతాను.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకి 'నీలి కూజా' బీరు కొట్టు పెరట్లో, ఖాళీ పీపాల పక్కన, నార బట్టల తనిఖీదారు యూస్ట్ బ్లౌవర్ట్ తల పగిలి పడి ఉన్నాడు. అప్పటికే ప్రాణం పోయింది. అతని కోటు లోపలి జేబులో ఎప్పుడూ ఉండే ముద్ర దిమ్మ లేదు. ఆ ముద్ర పడిందంటే గోనెపట్ట కూడా హార్లెం నార పేరుతో లండన్‌లో అమ్ముడుపోతుంది. కొట్టులో బీరు పోసే డీవెర్ అనే ఆమెను ఆ సాయంత్రమే పట్టుకొచ్చి లోపల వేశారు. ఆధారం మాత్రం దొరకలేదు.

ఇప్పుడు దొరికిందంటున్నాడు గిలిస్.

బొమ్మలో ఒక బీరు కొట్టు ఉంది. బెంచీ మీద ఒకడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పక్కన నిలబడ్డ పనిమనిషి ఒక చేత్తో కూజా వంచుతూ, రెండో చెయ్యి అతని కోటులో పెట్టింది. కింద రెండు పద్యపాదాలు చెక్కారు.

*మత్తులో ఉన్న మగవాడా, మేలుకో!*
*మగువ నవ్విందంటే నీ జేబు చూసుకో!*

"ఇలాంటివి బజారులో వంద ఉంటాయి" అన్నాను.

"ఇలాంటిది ఒక్కటే ఉంది. నిద్రపోయేవాడి దవడ చూడు."

చూశాను. దవడ చుట్టూ గుడ్డ కట్టి, నెత్తిమీద ముడి వేసి ఉంది. యూస్ట్ సోమవారం పొద్దున మంగలి దగ్గర పన్ను పీకించుకున్నాడు. చచ్చిపోయేటప్పటికి దవడకు అదే గుడ్డ, నెత్తిన అదే ముడి. అంటే బొమ్మ గీసినవాడు సోమవారం ఆ కొట్టులో ఉన్నాడు.

"ఎక్కడ దొరికింది?"

"మా బావ పొద్దున్నే కొని తెచ్చిచ్చాడు. ఆ గుడ్డ సంగతి పట్టింది ఆయనే. ఆ కళ్లు నీకూ నాకూ లేవు. మూడు గంటలకి కోర్టు కూర్చుంటుంది. మూడున్నరకల్లా నీ డీవెర్ పని అయిపోతుంది."

"నా డీవెర్ ఏంటి?"

"నాలుగు రోజుల్నించి కాపలా కాస్తున్నది నువ్వే కదా" అని నవ్వాడు.

డీవెర్‌ను రప్పించాను. ముప్పయ్యేళ్లుంటాయి. నాలుగు రోజుల ఖైదుకు మొహం పాలిపోయింది కానీ నోరు మాత్రం తగ్గలేదు. బొమ్మను చాలాసేపు చూసింది.

"నేనే" అంది. గిలిస్ నా వంక గర్వంగా చూశాడు. "ముక్కు నాదే. మెడ దగ్గర మచ్చ కూడా వేశాడు. కానీ అయ్యా, ఆ చెయ్యి నాది కాదు."

"మరెవరిది, నీ చుట్టందా?" అన్నాడు గిలిస్.

"ఆయనకి బ్రాందీ పోస్తున్నాను. పంటి నొప్పికి మూడోసారి అడిగి, పోసేలోపే నిద్రపోయాడు. ఒక చేత్తో కూజా పట్టుకున్నా, రెండో చేత్తో గ్లాసు పట్టుకున్నా. గ్లాసు పట్టుకోకుండా ఎలా పోస్తానండీ? గాల్లో పోస్తానా?"

"అప్పుడు టైమెంత?" అన్నాను.

"నాలుగు కొట్టి కాసేపైంది. పోసేసి పీపా మార్చడానికి కింద గదిలోకి వెళ్లాను. పైకొచ్చేసరికి బెంచీ మీద ఆయన లేడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి కూడా లేడు."

"మళ్లీ మొదలెట్టింది పెద్దమనిషి పురాణం!" అన్నాడు గిలిస్. "మొహం చూడలేదు, పేరు తెలీదు. నల్ల కోటు, తెల్ల లేసు. ఈ ఊళ్లో అలాంటివాళ్లు నాలుగొందల మంది ఉన్నారు."

"టోపీ కిందకి లాక్కుని కూర్చుంటే ఎలా చూస్తానయ్యా?"

"ఇంకెవరున్నారు?" అన్నాను.

వేళ్ల మీద లెక్కపెట్టింది. పడవవాళ్లు ముగ్గురు, ఫిడేలు వాయించే ముసలాయన, మూలన కిటికీ దగ్గర ఒక కుర్రాయన.

"ఆ కుర్రాయన ఎవరు?"

"పేరు తెలీదు. మూడు నెలల్నించి వస్తున్నాడు. పల్చటి బీరు ఒక్కటే తీసుకుని సాయంత్రం దాకా కూర్చుంటాడు. టోపీలో ఏదో కాగితం పెట్టుకుని గీక్కుంటుంటాడు. మంచోడయ్యా. మా కొట్టుకొచ్చే మగాళ్లలో నా నడుం మీద ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యనివాడు ఆయనొక్కడే."

గిలిస్ పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆమెను తీసుకెళ్లాక నా జేబులోంచి భూతద్దం తీశాను. బట్టల వ్యాపారులు పోగులు లెక్కపెట్టుకునే అద్దం అది. దాన్ని బొమ్మ మీద ఆనించి వంగాను.

ఇలాంటి బొమ్మలు నేను పుట్టినప్పటినుంచి చూస్తున్నాను. మంగలి షాపులో, వంటింటి గోడ మీద, చివరికి మా గదిలో పొయ్యి వెనక కూడా ఉంటాయి. తాగిన మగవాడు, జేబు కొట్టే పడుచు, కన్నుగీటే ముసల్ది. ఇవి తప్ప వేరేది ఉండదు. ఒక్కసారి చూసి నవ్వి వదిలేసేవే. అద్దం పెట్టి చూడడం మాత్రం ఆ రోజే మొదలు.

నిద్రపోయేవాడి కింది పెదవి మీద తడి మెరుస్తోంది. వాడి ఊపిరికి మెడ దగ్గర గుడ్డ అంచు కాస్త లేచి ఉంది. పైపు పొగను అసలు గీయనే లేదు. చుట్టూ నీడ గీసి మధ్యలో కాగితాన్ని అలా వదిలేస్తే అదే పొగయింది. కూజా మూతి నుంచి పడే ధారలో కిటికీ కనబడుతోంది. ఆ కిటికీకి నాలుగు గళ్లున్నాయి. గోరంత కూడా లేని చోట నాలుగు గళ్లు! మనిషి చేతికి ఇంత పని సాధ్యమా అనిపించింది. కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో మళ్లీ చూశాను.

డీవెర్ కళ్లు ధార మీదే ఉన్నాయి. మొహంలో పొద్దుటినుంచీ నిలబడ్డ అలసట తప్ప ఇంకేం లేదు. దొంగతనం చేసేవాళ్లు అలా చూడరు.

అప్పుడు ఆ చేతి మీదికి అద్దం జరిపాను. గీతలు మొరటుగా, వణుకుతూ ఉన్నాయి. వేళ్లు క్యారెట్ దుంపల్లా ఉన్నాయి. కాగితం మీద అన్నిటికీ ప్రాణం ఉంది, దానికొక్కదానికే లేదు. ఇంకొకటి కూడా కనబడింది. నిద్రపోయేవాడి పక్కన, మనకి వీపు పెట్టి, నల్ల కోటు మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. వాడి కుడి భుజం నిద్రపోయేవాడి వైపు తిరిగి ఉంది. భుజం కింద చెయ్యి లేదు. అక్కడ నీడ మాత్రం దట్టంగా గీసి ఉంది.

"గిలిస్, ఇది ఇద్దరు గీసిన బొమ్మ."

"ఇరవై మంది గీసినా నాకొకటే" అన్నాడు టోపీ పెట్టుకుంటూ. "ఆడది, సారా, జేబు. ఇందులో నీకు అర్థం కానిదేముంది?"

"అందరికీ ముందే అర్థమైపోయింది కదా, అందుకే నాకు భయమేస్తోంది."

బొమ్మ అడుగున అచ్చువేసినవాడి పేరు ఉంది, కాస్పర్ విట్‌లాండ్ అని. గీసినవాడి పేరు మాత్రం లేదు.

కాస్పర్ షాపుకి వెళ్లేసరికి పదకొండైంది. అతనికి అరవై దాటాయి, శుభ్రంగా ఉంటాడు, మాట తియ్యన. గోడల నిండా తాళ్లకు బొమ్మలు వేలాడుతున్నాయి. పోసే ఆడవాళ్లు, నవ్వే ఆడవాళ్లు, చీపురు తిరగేసి మొగుణ్ణి తరిమే ఆడవాళ్లు.

"ఇది ఎవరు గీశారు?"

"నేనేనండి. ఈ చేతులతోనే."

"సోమవారం నీలి కూజాకి వెళ్లావా?"

"వెళ్లానండి. మూలన కూర్చున్నాను."

"మూలన కుర్రాడు కూర్చున్నాడని చెప్పారే?"

"నా వయసు కనబడదంటారండి అందరూ" అని నవ్వబోయాడు.

"ఆమె దొంగతనం చేస్తుంటే చూశావన్నమాట. చూసి, కేక వెయ్యకుండా బొమ్మ గీసుకున్నావు."

నవ్వు సగంలో ఆగింది.

బల్ల మీదున్న కాగితం, సీసపు పుల్ల అతని ముందుకు జరిపాను. "ఒక కూజా గియ్యి. చిన్నది చాలు."

పుల్ల తీసుకున్నాడు. కొస కాగితాన్ని తాకగానే వణుకు మొదలైంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. అయినా ఆగలేదు. కూజా మూతి పాము పాకినట్టు వచ్చింది.

"రెండేళ్లయిందండి ఇలా" అన్నాడు చిన్నగా.

"మరి రెండేళ్లుగా ఈ గోడల మీద పని ఎవరిది?"

అప్పుడే పైన చెక్క నేల కిర్రుమంది. నేను మెట్లెక్కాను. వెనక "అయ్యా, పైన ఎవరూ లేరండి" అన్న కేక వినబడింది.

పై గదిలో రాగిరేకును కొరికే ఆమ్లం వాసన ముక్కులో గుచ్చుకుంది. కిటికీకి నూనె కాగితం అడ్డం పెట్టి ఉంది. దాని కింద బల్ల దగ్గర ఒక పడుచు నిలబడి ఉంది. గౌను మీద నల్ల ఏప్రన్, గోళ్ల నిండా సిరా. కాస్పర్ చనిపోయిన అన్న కూతురు, పేరు అలైడా. చర్చిలో చూశాను. తల వంచుకుని బాబాయి వెనక నడిచే పిల్లగానే నాకు తెలుసు.

"నీలి కూజా బొమ్మ రాగిరేకు కావాలి."

గుడ్డలోంచి తీసి ఇచ్చింది. రేకును వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూశాను. అద్దం లాంటి రాగి మీద ఒక్క చోట లోతు తక్కువ పల్లం కనబడింది, నీటి మీద గాలి తగిలినట్టు. వెనక్కి తిప్పాను. వెనక వైపు నున్నగా ఉంది, సరిగ్గా ఆ పల్లం వెనక తప్ప. అక్కడ మాత్రం చిన్న సుత్తి దెబ్బలు గుత్తిగా పడి ఉన్నాయి.

"ఇవేంటి?"

"గీసింది గీకేస్తే రాగి పల్లమవుతుంది. వెనకనుంచి కొడితే మళ్లీ సమంగా లేస్తుంది. అప్పుడు దాని మీద కొత్తగా గీసుకోవచ్చు." గొంతు నెమ్మదిగా ఉంది కానీ వణకడం లేదు. "దెబ్బలు నావి కావు. నేనైతే ఇంత మొరటుగా కొట్టను."

"మీ బాబాయా?"

"మంగళవారం మొదటి అచ్చు తీసి ఆయనకి చూపించాను. పట్టుకుని వీధిలోకి వెళ్లాడు. అచ్చు లేకుండా తిరిగొచ్చాడు. ఇక్కడ ఆడదాని చెయ్యి పెడితే ఎవరూ రెండోసారి చూడరు అన్నాడు. నేను పెట్టనన్నాను. అక్కడున్న చేతినీ, ఆమె గ్లాసు పట్టుకున్న చేతినీ గీకేసి ఆయనే పెట్టాడు."

"మొదట ఉన్న చెయ్యి ఎవరిది?"

"పేరు తెలీదండి. మొహం టోపీ కింద ఉంది. నాకు తెలిసింది ఆ చెయ్యి ఒక్కటే."

"అంటే సోమవారం ఆ మూలన కూర్చుంది నువ్వే."

ఆమె తలుపు వెనక మేకు వైపు చూసింది. అక్కడ మగవాళ్ల కోటు, టోపీ తగిలించి ఉన్నాయి.

"ఆడపిల్ల కొట్టులో ఒంటరిగా కూర్చుంటే దాన్నేమంటారో మీకు నేను చెప్పాలా? కూర్చోకుండా గియ్యమంటే ఏం గియ్యను? అందరూ గీసిన అబద్ధమే మళ్లీ గియ్యాలి. డీవెర్‌ను ఉన్నట్టుగా ఎవరూ గియ్యరు అయ్యా. ఎప్పుడూ ఆ జేబు, ఆ నవ్వు. నేను మూడు నెలలు చూశాను. ఆమె ఒక్కరోజు కూడా కూర్చోలేదు."

"చెయ్యి కోటులోకి వెళ్లడం చూసి ఎందుకు ఊరుకున్నావు?"

"స్నేహితుడు కాబోలు, పైపు తీసుకుంటున్నాడేమో అనుకున్నాను. చేతిలో ఏముందో కనబడలేదు. వెలుతురు తగ్గిపోతే నాలుగుంబావుకి లేచి వచ్చేశాను. మర్నాడు తెలిసింది, ఆయన చచ్చిపోయాడని, ఆమెను పట్టుకున్నారని." గోళ్ల సిరాను ఏప్రన్‌కేసి రుద్దింది. "నోరు విప్పితే ప్యాంటు వేసుకున్నందుకు నన్ను ఆడవాళ్ల చేత నూలు వడికించే రాట్నాల జైల్లో వేస్తారు. నాలుగు రోజులు నా గురించే ఆలోచించుకున్నాను. మూడు రోజులు ఎక్కువే."

కింద షాపు తలుపు గంట మోగింది. మెట్ల మీద బూట్లు ధన్ ధన్‌మన్నాయి. గిలిస్ లోపలికి వచ్చాడు.

"నువ్వు ఇక్కడికే వస్తావని తెలుసు. రేకు ఇటివ్వు. కోర్టులో పెట్టాలి."

"ఇవ్వను. ఇది దిద్దిన రేకు. వెనక సుత్తి దెబ్బలు చూడు."

చూడలేదు. వాడి చూపు మేకుకున్న కోటు మీద, అక్కణ్ణించి అలైడా మీద పడింది. పనిలో వాడు మందకొడి కాదు. అర్థమైపోయింది.

"ఓహో! నడుం మీద చెయ్యి వెయ్యని కుర్రాడు ఈవిడా? మగవేషం వేసి సారా కొట్లలో తిరగడం నేరం. తెలుసా? నీ సాక్ష్యం ఎవడు నమ్ముతాడు?"

"నమ్మొద్దు" అంది అలైడా. "చూడండి."

బల్ల సొరుగులోంచి కొత్త రేకు తీసింది. పల్చగా నల్లమైనం పూసి ఉంది. సూది చేతిలోకి తీసుకుంది.

"నాటకాలకి టైము లేదు" అన్నాడు గిలిస్.

"నీకు మూడు గంటలదాకా ఉంది. ఇంకా పన్నెండే" అని వాడి ముందు నిలబడ్డాను. "నన్ను దాటి వెళ్లాలంటే కొట్టాలి. కొడతావా?"

గడ్డం బిగించాడు. కొట్టలేదు.

ఆమె ఒక్కసారి కళ్లు మూసుకుంది, తెరిచింది. సూది కదిలింది.

ఆ పావుగంట నేను చచ్చేదాకా మరిచిపోను. చెరపడం లేదు, ఆగడం లేదు. నల్లమైనం చీలి కింద రాగి మెరుస్తుంటే, చీకట్లోంచి ఒక చెయ్యి బయటికి వస్తున్నట్టే ఉంది. ముందు లేసు అంచు, దాని వెనక మణికట్టు ఎముక. తర్వాత వెనక్కి మడిచిన గ్లౌజు. దొంగతనం కోసం తీసి ఆ చేత్తోనే పట్టుకున్నాడు కాబోలు. చూపుడువేలు, మధ్యవేలు కోటు అంచు పట్టుకుని ఉన్నాయి. వాటి భయం కూడా కనబడుతోంది. నాలుగు రోజుల కిందట, ముసురు వెలుతురులో, ఒక్క నిమిషం చూసిన చెయ్యి! గదిలో ఆమె ఉందని కూడా మర్చిపోయాను. నాకు ఆ చెయ్యి తప్ప ఏం కనబడలేదు. గిలిస్ కూడా పక్కకొచ్చి నిలబడ్డాడు, ఎప్పుడొచ్చాడో తెలీదు.

చివర చిటికెన వేలు గీసింది. అది రెండో కణుపు దగ్గర ఆగిపోయింది.

"మిగతాది గియ్యి" అన్నాడు గిలిస్.

"మిగతాది లేదండి. అంతే."

వాడు బల్ల అంచు పట్టుకున్నాడు. మొహంలో రక్తం లేదు.

"బట్టల చలువ మైదానంలో బండి కింద పడి నలిగింది" అన్నాడు. "మా అక్క పెళ్లయిన ఏడాది. ఊళ్లో ఎప్పుడూ గ్లౌజు తియ్యడు. ఆదివారం మా అక్క ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర తీస్తాడు. నా ఎదురుగానే కూర్చుంటాడు, ఎవర్ట్. రొట్టె కోసి నా కంచంలో వేస్తాడు."

అర్నౌట్ ఫెర్‌డ్రీస్. బట్టలు చలువ చేసే మైదానాలు మూడున్న ఆసామి. పొద్దున్నే ఈ బొమ్మ కొని తెచ్చి బామ్మర్ది చేతిలో పెట్టిన బావ.

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాను.

"కింద" అన్నాడు గిలిస్. "నాతోనే వచ్చాడు. ఈ ఇల్లు ఆయనదే. రేకు దొరికితే ఒకసారి చూస్తానన్నాడు." కాస్పర్ ఆ మొదటి అచ్చు ఎవరి దగ్గరికి పట్టుకెళ్లాడో అప్పుడు నాకు అర్థమైంది.

అలైడా ఏప్రన్ విప్పి బల్ల మీద పడేసింది. మేకు మీది కోటు వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"కోర్టుకి గౌనుతోనే వస్తాను. చూసింది ఆడమనిషే అని వాళ్లకి తెలియాలి. తర్వాత రాట్నం దగ్గర కూర్చోబెడితే కూర్చుంటాను."

నేనేమీ మాట ఇవ్వలేకపోయాను. ఇచ్చే అధికారం నాకు లేదు.

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. తొందర లేని అడుగులు. ముందుగా మెట్ల చెక్క కమ్మీ మీద పాకుతూ ఒక చెయ్యి వచ్చింది. మంచి తోలు గ్లౌజు. నాలుగు వేళ్లు నిండుగా ఉన్నాయి. చిటికెన వేలి కొస చెక్కకు తగిలి ఖాళీగా మడత పడింది.

"ఏం బామ్మర్దీ, దొరికిందా?" అర్నౌట్ నవ్వుతూ గదిలోకి వచ్చాడు.

గిలిస్ ఎదురెళ్లాడు. "గ్లౌజు తియ్యి బావా."

"ఏంటీ?"

"ఒక్కసారి తియ్యి. కుడిది."

అర్నౌట్ చూపు మా ముగ్గురి మీంచి బల్ల మీదికి, అక్కడ నల్లమైనంలో మెరుస్తున్న చేతి మీదికి వెళ్లింది. నవ్వు అలాగే ఉండిపోయింది కానీ దాని వెనక మనిషి లేడు.

"తల నేను పగలగొట్టలేదు గిలిస్. వాడు లేచి, ముద్ర ఇమ్మని పెరట్లోకి నా వెంటపడ్డాడు. నేను తోశానంతే. పీపా మీద వాడే పడ్డాడు. మీ అక్క మొహం చూసైనా..."

అతను వచ్చాక హత్య గురించి అంతవరకు ఎవరమూ ఒక్క మాట కూడా అనలేదు. అది అతనికీ తెలిసింది. ఒక్క గెంతులో బల్ల దగ్గరికి చేరి ఆమ్లం సీసా అందుకున్నాడు. రేకు మీద పోస్తాడో, అలైడా మీద పోస్తాడో ఆ క్షణంలో నాకు తెలియలేదు. నాకన్నా ముందు గిలిస్ వాడి మీద పడ్డాడు. సీసా నేల మీద పగిలి చెక్క బుసబుస పొంగింది. గిలిస్ బావ మణికట్టును బల్లకేసి అదిమి, పళ్లతో గ్లౌజు కొస పట్టుకుని లాగేశాడు. గిలిస్ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పట్టు మాత్రం వదల్లేదు.

రేకు పక్కనే ఆ చెయ్యి. నేను దాన్ని చూశాను, దీన్ని చూశాను. ఎముక, నరం, ఆగిపోయిన వేలు, ఒక్కటీ తేడా లేదు.

అలైడా దగ్గరగా వంగింది. పగిలిన గాజు తొక్కుతున్నానని కూడా ఆమెకు తెలియడం లేదు. సూది మళ్లీ చేతిలో ఉంది.

"అలాగే పట్టుకోండి అయ్యా, వదలొద్దు" అంది గిలిస్‌తో. "బొటనవేలు ఆ రోజు నాకు కనబడలేదు."